బండి డబ్బాలో సన్‌స్క్రీన్

నాకు మా జోడీ సర్వేయర్ మీద అసూయ. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ ఎండాకాలమంతా నా కడుపు మండిపోయింది. డోన్ చుట్టుపక్కల పల్లెల్లో పొలాలు కొలిచే పని ఇద్దరిదీ. పొద్దున ఏడింటికి మొదలుపెడితే పొద్దు నడినెత్తికొచ్చేదాకా గట్ల వెంబడి తిరుగుడే. మూడేళ్లలో నా మొహం మాడిన జొన్నరొట్టెలా తయారైంది. అతనిది మాత్రం ఉద్యోగంలో చేరిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

కారణం అందరికీ కనబడేదే. బయల్దేరేముందు ఒకసారి, మళ్లీ రెండు గంటలకోసారి, పని ఆపి సన్‌స్క్రీన్ పూసుకునేవాడు. చాటుగా కాదు, రైతులందరి ముందరే, బండి అద్దంలో చూసుకుంటూ. మా వైపు మగవాళ్లు తలకు టవల్ చుట్టుకుంటే అదే ఎక్కువ.

“ఏమప్పా, పెండ్లిచూపులకు పోతాండావా?” అని నేనే ముందు ఎత్తుకునేవాణ్ణి. రైతులు పగలబడి నవ్వేవాళ్లు.

“ఎండకు ఆడ, మగ అని ఉండాదా అన్నా?” అంటూ అతనూ నవ్వి, చెవుల వెనక కూడా పూసుకునేవాడు. కాస్తయినా ఉడుక్కోడే! అదింకో మంట నాకు.

ఒక సాయంత్రం అతను కాగితాల కోసం మా ఇంటికొచ్చి టీ తాగి వెళ్లాడు. మా ఆవిడ ఆశా కార్యకర్త. అప్పుడే ఎండలో నాలుగు వీధులు తిరిగొచ్చి కూర్చుంది. అతను గడప దాటాడో లేదో మొదలుపెట్టింది.

“ఇద్దురూ ఒకే ఎండలో తిరుగుతాండారు గదా, ఆయప్ప మొగం సూడు, ఎంత నున్నగుండాదో! ఏం పూసుకుంటాడో రోంత అడుగు.”

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా అనుకున్నాను. ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు “అడిగితివా?” అంది. మర్చిపోయానన్నాను. కట్టుకున్నది పరాయివాడి మొహాన్ని అంతగా మెచ్చుకుంటుంటే ఆ రోజుల్లో అన్నం కూడా సయించలేదు.

అతను పూసుకునే సన్‌స్క్రీన్ డోన్‌లో కొంటే ఊరంతా తెలుస్తుందని కర్నూలు దాకా పోయాను. మందుల షాపతను “ఎవురికన్నా?” అని అడిగాడు. “మా ఆడోళ్లకు” అన్నాను, తడుముకోకుండా.

ఇంట్లో పెడితే ఆవిడ చూస్తుంది, సంచిలో పెడితే అతను చూస్తాడు. అందుకని బండి పక్కనుండే రేకు డబ్బాలో, స్పానర్ల కింద దాచాను. పగలంతా ఆ బండి ఎండలోనే. రోజూ ఊరి బయట ఆగి, కందిగింజంత తీసి బుగ్గలకు రుద్దుకుని, మళ్లీ తెల్లారేదాకా దాని జోలికి పోయేవాణ్ణి కాదు. నెల తిరిగేసరికి ట్యూబు నొక్కితే ముందు నీళ్లు, తర్వాత ముద్దలు రావడం మొదలైంది. అయినా పూశాను. మొహం ఇంకా నల్లబడింది, ముక్కు మీద తోలు ఊడింది. అతను అసలు మందు వేరే ఏదో దాచిపెట్టి, మాకు దీన్ని చూపిస్తున్నాడని కూడా అనుమానపడ్డాను. నా బుద్ధి అంత గొప్పది.

ఒకరోజు అతని బండి చైను వదులైంది. నేను అవతలి గట్టు మీదుండగా, స్పానర్ కోసం నా డబ్బా తెరిచాడు. పరిగెత్తుకొచ్చేసరికి ట్యూబు అతని చేతిలో ఉంది. నేనైతే ఊరంతటినీ పిలిచి నవ్వేవాణ్ణి. అతను నవ్వలేదు. మూత తీసి, వేలికి రాసుకుని చూశాడు.

“ఇది ఉడికిపోయిందన్నా. ఇట్ల ఎండలో పెడితే పనిజేయదు.” తన సంచిలోంచి కొత్త ట్యూబు తీసి నా చేతిలో పెట్టాడు. “మొగానికి రెండు వేళ్ల పొడుగునా తీసుకోవల్ల. నన్నడిగింటే మొదట్లోనే సెప్పుంటి గదా.”

ఆ మంచితనం చూసి నా అసూయ తగ్గాల్సింది. ఇంకాస్త పెరిగింది.

మరుసటి ఉదయం ఆ ట్యూబును అద్దం దగ్గర పెట్టి టవల్ కోసం వెళ్లాను. వచ్చేసరికి, డ్యూటీకి బయల్దేరుతున్న మా ఆవిడ చేతిలో ఉంది.

“అమ్మయ్య, నాకోసం అడిగితివా! నెల్నాళ్ల నుంచి సెప్తాండా.”

ఎంత తీసుకోవాలో రెండు వేళ్లు చాపి చూపించాను. ఆమె కిటికీ వెలుతురుకు తిరిగి పూసుకోసాగింది. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా గోధుమరంగు మచ్చలు, మంగు. అతను చెవి వెనక ఎంత పూసుకుంటాడో చెప్పగల నేను, వాటిని అప్పుడే మొదటిసారి చూశాను. కర్నూలు షాపులో అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

“ఈ మంగు ఎప్పుడొచ్చె?” అన్నాను.

“రెండేండ్లాయ,” అంది, అద్దంలోంచి చూపు తిప్పకుండానే.