రాజహంసలకు అద్దిన రంగు

జగ్గయ్యపేటలో మా స్నేహితుడి ఫొటో స్టూడియోకి బతికున్నవాళ్లు రావడం అరుదు. ఫొటో దిగితే ఆయుష్షు తరుగుతుందని ఆ రోజుల్లో, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, చాలామంది నమ్మేవారు. మనిషి పోయాక మాత్రం కబురొచ్చేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి తీయించుకునేవారు. ఆ ఫొటోలో బుగ్గలకు గులాబీ రంగు అద్ది ప్రాణం ఉన్నట్టు చూపించడం ఆయన భార్య పని. ఆమె దూదితో రంగు వేస్తుంటే నాకు రెప్ప వేయబుద్ధయ్యేది కాదు. ఊరు మాత్రం ఆయనకు పీనుగుల ఫొటోలాయన అని పేరు పెట్టింది. ఆ పేరు పోగొట్టుకోవాలని ఆయన తపన.

నందిగామలో ఒక శెట్టిగారు బట్టల కొట్టు తెరుస్తూ గోడకు పెద్ద పటం కావాలన్నారు. వేదాద్రి దగ్గర కృష్ణ ఇసుకతిన్నెల మీద పొడుగు కాళ్ల రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, వాలాయని అప్పుడే తెలిసింది. మా వైపు అవి దిగడం నేను ఎన్నడూ ఎరగను. వాటినే తీసిస్తానన్నాడు మావాడు.

శెట్టిగారు నవ్వి, "తియ్యవయ్యా. నీ చేతిలో పడ్డాక అవి కూడా కుర్చీలో కూర్చున్నట్టుంటే మాత్రం నాకొద్దు" అన్నారు.

తెల్లవారుతుండగా వెళ్లాం. బావుల్లో తవ్విన మట్టికి కొలత కట్టడం నా పని. కంటితో దూరం కొలవడం ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. కెమెరా సరిచేసుకోవడానికి దూరం సరిగ్గా చెప్పకపోతే బొమ్మ మసకబారుతుంది, దగ్గరికెళ్లి కొలిస్తే పక్షులు లేచిపోతాయి. చెయ్యి చాచి, బొటనవేలిని ఒక కన్నుతోనూ తర్వాత రెండో కన్నుతోనూ చూసి, అది ఎన్ని పక్షుల మేర జరిగిందో దానికి పదింతలుగా దూరం లెక్కగట్టాను. ఆయన మోకాటిలోతు నీళ్లలో కదలకుండా నిలబడ్డాడు. ముక్కులు తలకిందులుగా ముంచి, జల్లెడ పట్టినట్టు మేస్తున్న వాటిలో ఒకటి ఉన్నట్టుండి రెక్క విప్పింది. లోపల నిప్పుకణిక లాంటి ఎరుపు. ఆ క్షణాన్నే ఆయన పట్టాడు. అంత ఓపిక నేను మరొకరిలో చూడలేదు.

నలుపు తెలుపుల్లో ఫొటో దివ్యంగా వచ్చింది. రంగు వేయాల్సిన ఆమె ఆ పక్షుల్ని చూసింది లేదు. చేతి అలవాటు కొద్దీ అన్నిటికీ ఒకే గులాబీ అద్దింది. ఆయన చూసి పటాన్ని పక్కన పెట్టేశాడు. అది చనిపోయినవాళ్ల బుగ్గల రంగు.

అప్పుడు నేను ఒక పాత పుస్తకంలో చదివింది చెప్పాను. ఆ రంగు పుట్టుకతో రాదు. వాటి పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. ఉప్పునీటి మడుగుల్లోని నాచునూ, ఆ నాచు మీద బతికే చిట్టి రొయ్యల్నీ తినగా తినగా, వాటిలోని ఎరుపు ఈకలకెక్కుతుంది. మేత మారితే వెలిసిపోతుంది.

ఆమె పటాన్ని దగ్గరికి జరుపుకుంది. "అంటే తాంబూలం వేసుకుంటే నోరు పండినట్టన్నమాట, అన్నయ్యగారూ. పైన పూసినట్టు కనపడకూడదు" అంది.

టర్పెంటైన్‌లో ముంచిన దూదితో ఉన్న రంగంతా తుడిచేసింది. ఎరుపులో కాస్త పసుపు కలిపి రెక్క ముందుభాగాన చిక్కగా వేసి, ఒంటిమీదికి వచ్చేసరికి లేతగా తేల్చింది. రెక్క చివర నల్ల ఈకల జోలికి పోలేదు. మెడలు దాదాపు తెల్లగానే ఉంచింది. పిల్లపక్షుల దగ్గర దూది పక్కన పెట్టేసింది. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అది.

కొట్టు తెరిచిన రోజు శెట్టిగారు పటం ముందు చాలాసేపు నిలబడి, గుమ్మానికి ఎదురుగోడన మేకు కొట్టించారు. చీరల బేరానికొచ్చిన ఒక పెద్దావిడ పటాన్నీ మావాణ్నీ మార్చి మార్చి చూసింది.

"నేనూ నా మనవరాలూ కలిసి దిగుతాం నాయనా. ఇట్టాగే తీస్తావా?"

తీస్తానండీ అన్నాడు ఆయన.

ఇంటికొచ్చి భార్యకు ఆ మాట చెబితే, ఆమె గులాబీ రంగు సీసా పక్కకు జరిపింది.

"ఆ పిల్ల చామనఛాయో, తెలుపో కనుక్కున్నారా?" అని అడిగింది.