సనావుల్లా నొప్పి బేరం

బర్ దుబాయ్‌లో గుడ్డలు అమ్మినన్నాళ్లూ ప్రొద్దుటూరు సనావుల్లా ఏ సరుకుకీ అసలు ధర ముందు చెప్పి ఎరగడు. వయసడిగినా అంతే. ఓ అంకె పారేసి, అవతలివాళ్లు ఏమంటారోనని మొహంలోకి చూసేవాడు.

2021లో నడుం ఆపరేషనయ్యాక ఎడమకాల్లో నరం మంట పట్టుకుంది. మాత్రలూ సూదులూ అయిపోయాక, అక్కడి ఆసుపత్రిలోనే పనిచేసే నెల్లూరు డాక్టరమ్మ ఆదిలక్ష్మి ఒక యంత్రం సంగతి చెప్పింది. వెన్నుపాము దగ్గర సన్నటి తీగలు పెడతారు. వాటిలో పారే కొద్దిపాటి కరెంటు నొప్పిని మెదడుదాకా పోనివ్వదు. ముందు వారంపాటు బ్యాటరీని బయటే నడుముకు అంటించి చూస్తారు. నొప్పి సగమైనా తగ్గితేనే యంత్రం లోపల పెట్టేది. లేదంటే తీగలు పీకేసి ఇంటికి పంపేస్తారు.

వంగకూడదు, మెలి తిరగకూడదు అన్నారు గనక ఆ వారం కొట్లో కొయ్యలా నిలబడే అమ్మాడు. ఒకావిడ బొమ్మనుకుని అతని చొక్కా నలిపి చూసి, మీటరెంతని పక్కవాణ్ణి అడిగింది. కాలు మాత్రం హాయిగా ఉంది.

వారమయ్యాక డాక్టరమ్మ నొప్పి ఎంత శాతం తగ్గిందని అడిగింది. నిజానికి డెబ్బై. కానీ అడగ్గానే డెబ్బై ఇచ్చేస్తే ఇక బేరానికి మిగిలేదేముంది?

"ముప్పై," అన్నాడు.

ఆమె కుదరదనాలి, తను నలభై అనాలి, మధ్యలో చాయ్ రావాలి, అలా అలా డెబ్బైకి చేరాలి. ఆమె ముప్పై అని రాసుకుని, తీగలు తీసే సామాను తెమ్మని నర్సుకు చెప్పింది.

మొదటి మాటకే ఒప్పుకున్న మనిషిని సనావుల్లా చూడడం అదే మొదటిసారి. యాభై అన్నాడు. అరవై అన్నాడు. "మీరు గనక డెబ్బై మేడం, ఖలాస్, ఇదే ఆఖరు మాట," అన్నాడు. అంకె పెరిగేకొద్దీ ఆమె మొహంలో నమ్మకం తగ్గింది. యంత్రం కోసం ఇలా చెప్పేవాళ్లను చాలామందిని చూశానంది.

అప్పుడు భార్య మున్నీబీ నోరు విప్పింది.

"ఈయన చెప్పే అంకెలు నేనే ఏనాడూ నమ్మలా మేడం. నొప్పి పట్టినకాడ్నించి గురకే లేదు, నిద్రపోతే గదా. ఈ వారం పెడతానే ఉండాడు. పక్కింటోళ్లు గోడ కొట్టినారు."

చెల్లెలికి పంపి మొర పెట్టుకుందామని ఫోన్లో పట్టిన గురకను పెట్టింది. గదంతా దద్దరిల్లింది. సామానుతో వచ్చిన నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక సామాను వెనక్కి పంపేసింది. యంత్రం లోపల పెట్టే రోజు కూడా అప్పుడే ఖాయమైంది.

బయటికొస్తూ సనావుల్లా గొణిగాడు: "ఇంకాస్త గట్టిగా అడిగుంటే ఎనభై కూడా ఇచ్చేటోణ్ణి."

మున్నీబీ ఆ గురకను ఫోన్లోంచి తీసేయలేదు. కొన్నేళ్లకి ఆయన పోయాక కూడా, నిద్ర పట్టకపోతే అదే పెట్టుకుంటుంది. పక్కింటోళ్లు మళ్లీ గోడ కొడతారు.