ఉడకని చుక్కకూర పప్పు

చిన్ననాటి మా పక్కింటి అక్క పోయిందన్న మాట నాకు మొదట చేరవేసింది ఉయ్యూరులో ఉండే మా మేనకోడలు. పొద్దున్నే ఫోన్ చేసింది. మావారు మంచాన పడ్డప్పటి నుంచి నాకు తీరిగ్గా ఏడవడానికి కూడా ఓపిక ఉండడం లేదు. ఫోన్ పక్కన పెట్టి, ఒడిలో ఉన్న చుక్కకూర తుంచుతూనే ఉన్నాను.

నా చిన్నప్పుడు మేమూ ఉయ్యూరులోనే ఉండేవాళ్ళం. నాన్నది చక్కెర ఫ్యాక్టరీలో పని. చలికాలం చెరుకు ఆడే రోజులు కనుక ఆయన ఇంట్లో ఉండేది తక్కువ. నన్ను బడికి పంపలేదు. అక్షరాలూ ప్రార్థనలూ అమ్మే నేర్పేది. ఒక ఏడు చలికాలంలో అమ్మకు పుట్టిన బిడ్డ దక్కలేదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పాఠాలు ఆగిపోయాయి, ప్రార్థన ఆగిపోయింది. అన్నం పెడితే కళ్ళు మూసుకునేది. అమ్మ కూడా పోతుందేమోనని నేను ఆమె కొంగు పట్టుకుని కూర్చునేదాన్ని.

పక్కింటికి కొత్తగా కాపురానికొచ్చిన అక్క రోజూ గిన్నెలో ఏదో ఒకటి తెచ్చేది. అమ్మ ముట్టకపోతే నేనే తినేదాన్ని. ఒకరోజు అక్క గిన్నె తేలేదు. చేతినిండా చుక్కకూర పట్టుకొచ్చి, నేరుగా మా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేసింది. కందిపప్పు, కూర, పచ్చిమిరపకాయలు అన్నీ ఒకేసారి కుండలో వేసేసింది. ఎంతసేపు ఉడికినా ఆకు కరిగింది గానీ పప్పు పలుకుపలుకుగానే ఉంది.

మొన్న అక్క తెచ్చిన చుక్కకూర పప్పు వెన్నలా ఉందిగా అనబోయాను. అక్క తొడపాశం పెట్టింది.

"ఇదేం పప్పమ్మా, గులకరాళ్ళలా ఉంది! పోనీ కాస్త చింతపండు పడేద్దామా?" అంది, గదిలోకి వినిపించేలా.

లోపలి నుంచి అమ్మ గొంతు వినబడింది, ఎన్నాళ్ళకో. "పులుపు ముందే వేస్తే పప్పెట్లా ఉడుకుద్దే? మీ అత్త ఇదేనా నేర్పింది?"

"నేర్పితే నాకీ తిప్పలెందుకు పిన్నీ! కాస్త లేచి చూపించరాదూ."

అమ్మ గోడ పట్టుకుని వచ్చింది. "లే అవతలికి" అని పీట మీద కూర్చుని వేరే పప్పు కడిగి పెట్టింది. అది మెత్తబడ్డాకే కూర వేసింది. చివర్లో నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయలు, దంచిన వెల్లుల్లి, ఇంగువ పడేసరికి ఆ ఘాటుకు ముగ్గురం దగ్గాం. దగ్గుతూ దగ్గుతూ అమ్మ ఏడ్చేసింది. అక్క అన్నం కలిపి ముద్ద అందించింది. అమ్మ తిన్నది.

ఆ తర్వాత ఏ చలికాలం అక్కకు చుక్కకూర ఇచ్చినా, "ముందు పప్పు ఉడకనియ్యవే అమ్మాయ్" అని అమ్మ చెప్పేది. "అలాగే పిన్నీ" అని అక్క తలొంచుకునేది. అసలు సంగతి అమ్మకు తెలుసో లేదో నాకు చివరిదాకా అంతుబట్టలేదు.

ఈ రోజు చుక్కకూర పప్పు దించాక గరిటె పట్టుకుని మావారి మంచం దగ్గరకెళ్ళాను. "ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలియడం లేదు, కాస్త చూసి పెట్టండి" అన్నాను. నాకు తెలుసు, సరిపోయింది. ఎన్నాళ్ళకో ఆయన తల కొంచెం పైకెత్తి, నాలుక చప్పరించి, "తగ్గింది. నీకెప్పుడూ చెప్పాల్సిందే" అన్నారు. దేవునికి స్తోత్రం. అలాగేనని ఇంకో చిటికెడు వేశాను.

ఈ చలికాలం మీ ఇంట్లో ఆకుకూర పప్పుకు పోపు పెట్టినప్పుడు, ఆ ఘాటు పక్క గదిలోకి వెళ్ళేలోగా, వంట రాదనిపించుకోవడానికి ఒప్పుకున్న మా పక్కింటి అక్కను ఒక్కసారి తలుచుకోండి.