దౌలత్ టీచరమ్మ తిరిగిచ్చిన పళ్ళేలు

దౌలత్ టీచరమ్మకి ఉన్న జబ్బు ఒక్కటే. నవల రాస్తున్నన్నాళ్ళూ ఆవిడ బతకడం మానేస్తుంది. అధ్యాయం పూర్తికాగానే తలుపు తీసుకుని బయటికొచ్చి, మేమందరం మెల్లగా బతికిన బతుకునంతా ఒక్క రోజులో బతికేస్తుంది. అలెగ్జాండ్రియాలో, ట్రాము పట్టాల వెనకాల ఉన్న మా మేడలో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలియనట్టు వాదించినవాడు కింద అంతస్తు దర్జీ ఫర్గలీ ఒక్కడే. మేడలో నన్ను ఉమ్ వగీహ్, అంటే వగీహ్ తల్లి, అంటారు; వాడి గతి ఏమైందో నా కళ్ళతో చూశాను.

ఫర్గలీ కూతురి పెళ్ళి చలికాలంలో అయింది. అప్పుడు టీచరమ్మ ఏడో అధ్యాయంలో ఉంది. మండు వేసవిలో ఒక పొద్దున్న జుట్టుకి గోరింట పట్టించుకుని, పట్టు గౌను వేసుకుని, చేతిలో రవ్వ మిఠాయితో ఫర్గలీ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"మబ్రూక్, శుభం! పెళ్ళికూతురేదీ?"

"ఏ పెళ్ళికూతురు టీచరమ్మా? దానికిప్పుడు ఏడో నెల!"

"నన్ను పిలిచావా లేదా?"

"పిలిచాను. మీరే రాలేదు."

"ఇప్పుడొచ్చాను కదా. పిలిచినవాళ్ళు రాకముందే పెళ్ళి ముగించేస్తారా మీ ఇంట్లో?"

"ఇన్నాళ్ళూ ఆగమంటారా?"

"ఆగమన్నానా? మళ్ళీ మొదలెట్టమన్నాను. అంతే!"

వాడు అరిచాడు. ఆవిడ ముప్పై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పిన గొంతుతో అరిచింది. మెట్లనిండా జనం. నేను బాల్కనీలోంచి కూరల బుట్ట దించుతున్నదాన్ని, తాడు రెయిలింగుకి కట్టేసి పరుగెత్తాను. చివరికి ఆ పిల్లే నవ్వాపుకోలేక లోపలికెళ్ళి పెళ్ళి గౌను తొడుక్కొచ్చింది. వెనక ఒక్క గుండీ పడలేదు. ఫర్గలీయే గుండుసూదులు గుచ్చాడు. ఆడవాళ్ళం నాలుకలు ఆడిస్తూ శుభకేకలు వేశాం. టీచరమ్మ రెండు పాటలు పాడి, ఫర్గలీ షర్బత్ తెప్పించేదాకా కదల్లేదు.

అదే రోజు ఇంకా బోలెడు పనులు. మంగలి జనాతీ పోయినందుకు వాళ్ళావిడని పరామర్శించడానికి వెళ్ళింది. వెళ్ళేసరికి ఆవిడ కొత్త మొగుడు కాఫీ కాచి తెచ్చాడు. వచ్చాను కదా అని ఆయన్ని కూడా ఓదార్చి వచ్చింది.

నవల దేని గురించి అంటే "మనుషుల గురించి" అనేది. ఆ మనుషులం మేం పలకరిద్దామని తలుపు కొడితే మాత్రం తీసేది కాదు.

ఇక పళ్ళేల సంగతి. రాస్తూ రాస్తూ ఈ మనిషి ఆకలితో పోతుందేమోనని ఇంటింటి నుంచీ ఆవిడకి తిండి వెళ్ళేది. తలుపు కాస్త తెరుచుకునేది, ఒక చెయ్యి వచ్చేది, పళ్ళెం లోపలికి పోయేది, తలుపు మూసుకునేది. తొమ్మిదో అధ్యాయం నాటికి మేడలో పళ్ళేలు నిండుకుని ఫర్గలీ మూకుడు మూతలో అన్నం తిన్నాడు. అధ్యాయం అయ్యాక అన్నీ తిరిగొచ్చేవి. మా ఊళ్ళో పళ్ళెం ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదు, అందుకని నిండుగానే వచ్చేవి. కానీ కొన్ని మాత్రం ప్రతిసారీ వేరే గుమ్మానికి చేరేవి. అడిగితే "తొమ్మిదో అధ్యాయంలో ఉన్నాను, కళ్ళు కనపడలేదు" అనేది. అలా వేరేవాళ్ళ పళ్ళెం వచ్చినవాళ్ళు అందులో ఏదో ఒకటి వండి పెట్టుకుని అసలువాళ్ళ ఇంటికి మోసుకెళ్ళాల్సి వచ్చేది.

ఆ ఏడు నాకూ, రెండో అంతస్తులో ఉన్న మా చెల్లెలు బహీగాకీ మాటల్లేవు. మా మనవడు పుట్టిన ఏడోరోజు విందులో అంతమంది ముందు నా మలూఖియా పులుసులో ఆకు అడుక్కి దిగిపోయిందంది. పులుసులో ఆకు తేలుతూ ఉండాలి. దిగిందన్నారంటే ఆ ఇల్లాలికి వంట రాదన్నట్టే. దిగలేదు! ఇప్పటికీ అదే అంటాను. ఆ గురువారం బహీగా సామాను సర్దుకుని రషీద్ ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఈ వయసులో వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఈ మెట్లెక్కరని నాకూ తెలుసు, దానికీ తెలుసు. అయినా వెళ్తే వెళ్ళనీ అన్నాను. గోడలకి కూడా చెప్పాను.

దానికి రెండు రోజుల ముందు, మంగళవారం, టీచరమ్మ పదకొండో అధ్యాయం ముగించి, ఖర్జూరపు బిస్కట్ల పళ్ళెంతో నా గుమ్మంలోకి వచ్చింది. లోతు పళ్ళెం, అంచున నీలం చేపలు. మా అమ్మది, బహీగా వాటాకి వెళ్ళింది.

"ఇది నాది కాదే దౌలత్!"

"కాదా? పదకొండో అధ్యాయంలో ఉన్నాను కదా, కళ్ళు కనపడలేదు. ఎవరిదో వాళ్ళకిచ్చెయ్."

"నువ్వే ఇవ్వు!"

"నేను పన్ను పీకించుకోవాలి." వెళ్ళిపోయింది.

పళ్ళెం నా బల్ల మీద కూర్చుంది. ఉంచుకుంటే దొంగనవుతాను. ఖాళీగా పంపితే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది. నింపి పంపితే నేను ఓడినట్టు. మధ్యాహ్నం దాకా దాన్ని కొరకొర చూస్తూ కూర్చుని, లేచి మలూఖియా కాచాను. రాజీకి కాదు, బుద్ధి చెప్పడానికి! పళ్ళెం అంచుదాకా పోసి, రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగి, కాలితో తలుపు తన్నాను.

బహీగా తలుపు తీసింది. నా మొహం చూడలేదు. పులుసు వైపు చూసింది. వంగి మరీ చూసింది. చెంచా తెచ్చి కలిపింది. ఆగింది. నేనూ ఆగాను.

"దిగలేదు," అంది.

"ఆ రోజూ దిగలేదు."

"ఆ రోజు దిగింది."

"నీ కళ్ళకి దిగింది!"

"లోపలికి రా అక్కా, చల్లారిపోతుంది."

కట్టిన మూటల మీదే కూర్చుని, ఒకే పళ్ళెంలో రొట్టె ముంచుకుని తిన్నాం. తింటుంటే బహీగా అంది: "జనాతీ పెళ్ళాం పళ్ళెం కూడా మారిపోయిందటే. ఆడబిడ్డ ఇంటికెళ్ళిందట."

"రెండో పెళ్ళి చేసుకుందని మొహం చూడ్డం మానేసిన ఆడబిడ్డకా?"

"ఫర్గలీది ఇస్త్రీ సలామాకి వెళ్ళింది."

"చొక్కా చెయ్యి కాల్చాడని వాళ్ళిద్దరూ కొట్టుకోలేదూ?"

ఇద్దరి చేతుల్లో రొట్టె ఆగిపోయింది. మాటల్లేని ఇళ్ళ మధ్య తప్ప ఒక్క పళ్ళెమూ మారలేదు!

"మేడలో ఏం జరుగుతోందో ఆవిడకెలా తెలుసే? తలుపే తియ్యదు కదా," అంది బహీగా.

నేను పళ్ళెంలోకి చూశాను. పళ్ళెం ఇవ్వడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ మూసిన తలుపుకి బహీగా సంగతంతా చెప్పుకున్నది నేనే. ఎదురు మాట్లాడని తలుపు కదా, హాయిగా ఉండేది. ఎర్రబడిన బహీగా మొహం చూస్తే అదీ చెప్పుకున్నట్టే ఉంది.

గురువారం బండిని బహీగా వెనక్కి పంపింది. నేను మాత్రం ఆ సాయంత్రమే, పన్నెండో అధ్యాయం మొదలయ్యేలోపల, పైకెళ్ళి టీచరమ్మ తలుపు బాదాను. బుగ్గ వాచి, తలకి గుడ్డ కట్టుకుని తీసింది.

"కావాలనే చేశావు కదే!"

"ఏం చేశాను?"

"పళ్ళేలు!"

"మారిపోయాయా? అయ్యో, పదకొండో అధ్యాయంలో..."

"ఆ కబుర్లు నా దగ్గర చెప్పకు!"

ఆవిడ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది, కుర్చీలో కూలేసింది, చెవి మీద నుంచి పెన్సిలు తీసింది. వాచిన బుగ్గతోనే కళ్ళు మెరిసిపోతున్నాయి.

"ఉమ్ వగీహ్, వచ్చే అధ్యాయంలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు గుమ్మంలో ఎదురుపడతారు. ఏం మాట్లాడుకుంటారో ఎంత ఆలోచించినా తట్టట్లేదు. తలుపు తన్నిన దగ్గర్నుంచీ మెల్లగా చెప్పు. తిట్లు మాత్రం ఒక్కటి కూడా వదలకు."