కదలకుండా కూర్చున్నాం

మేము అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు పక్క అపార్ట్‌మెంట్‌లో గ్రేస్ అనే ఉగాండా అమ్మాయి ఉండేది. వాళ్ళ చెల్లెలు రూత్ ఆఫ్రికా దేశాల ఆడవాళ్ళ క్రికెట్ టోర్నమెంట్‌లో ఆడుతోంది. ఈసారి గెలవకపోతే ఆట మానేసి షాపులో పనికి పోవాలని ఇంట్లో ఖాయం చేశారట.

ఫైనల్ రోజు పొద్దున్నే గ్రేస్ లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. టీవీలో రాదు, నెట్‌లో స్కోరు మాత్రం కనిపిస్తుంది. ఐదు వికెట్లు పోయాయి, ఇరవై పరుగులు కావాలి, రూత్ ఇంకా క్రీజులోనే ఉంది. గ్రేస్ కాఫీకి లేవబోతే చెయ్యి పట్టి ఆపాను.

"కదలకు. మా ఇళ్ళల్లో మధ్యలో ఎవరైనా లేస్తే వికెట్ పడిపోతుంది."

నవ్వింది కానీ కూర్చుంది.

నిజంగానే వికెట్ పడలేదు. స్కోరూ కదల్లేదు. అక్కడ వాన పడుతోందేమో అనుకున్నాం. కాళ్ళు తిమ్మిరెక్కినా లేవలేదు. వంటింట్లో చార్జింగ్‌లో పెట్టిన తన ఫోన్ మోగినా లేవనివ్వలేదు. మూడోసారి మోగాక నేనే వెళ్ళి తెచ్చిచ్చాను.

రూత్ ఏడుపు నాక్కూడా వినిపించింది.

"ఓడిపోయి గంటయిందట. బస్సెక్కేశారు," అంది గ్రేస్. ఆగిపోయింది ఆట కాదు, మా స్కోరు పేజీ.

ఫోన్ పెట్టేశాక కూడా గ్రేస్ సోఫాలోంచి లేవలేదు. నేనే వెళ్ళి కాఫీ పెట్టి తెచ్చాను.

ఇప్పటికీ మ్యాచ్ చూస్తూ మావారు "కదలకు" అంటే, లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను.