పేరు పలకని నేస్తం

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు గాని, సుపేలా బజారులో గోధుమ మొలకల పచ్చివాసన తగిలితే నా చెయ్యి దానంతటదే చెవి వెనక్కి పోతుంది. అక్కడ ఏమీ ఉండదు. అయినా తడుముకుంటాను, నా మీద నాకే విసుగు పుట్టేదాకా.

మా నాన్న విజయనగరం నుంచి వచ్చి భిలాయి ప్లాంటులో చేరారు. మా వెనక క్వార్టరులో ఒక ఛత్తీస్‌గఢీ కుటుంబం ఉండేది. శ్రావణంలో, వానలకు గోడలన్నీ చెమ్మగిల్లే రోజుల్లో, ఆ ఇంటి ముసలమ్మ వెదురుబుట్టలో మట్టి పోసి, గోధుమలు చల్లి, ఎండ తగలని మూల పెట్టి పసుపునీళ్లు చిలకరించేది. రాఖీ నాటికి మొలకలు జానెడు ఎదిగి లేతపసుపు రంగులో వంగేవి. వాటినే భోజలి అంటారు. మర్నాడు ఆడపిల్లలందరం బుట్టలు నెత్తిన పెట్టుకుని పాడుకుంటూ వెళ్లి చెరువులో కలిపి, మిగిల్చిన నాలుగు మొలకలు ఒకరి చెవి వెనక ఒకరం పెట్టుకునేవాళ్లం. అలా పెట్టుకున్నవాళ్లు జన్మంతా నేస్తాలు. ఎప్పుడు కలిసినా "సీతారామ్ భోజలీ" అనుకోవాలి, పేరు మాత్రం పలకకూడదు. మూడో తరగతిలో ఆ ఇంటి పిల్లా నేనూ అలా ఒకటయ్యాం.

"మా ఊళ్లో నేస్తం కట్టినట్టే గదే కల్యాణీ ఇది. ఇకమీద పేరెట్టి పిలిస్తే తెగిపోద్ది, తెలిసిందేటి?" అంది మా నానమ్మ.

నలుగురిలో నోరు పెగలని నాకు ఆ ఒక్క మాట చాలా పెద్ద ఆస్తి. తను మా వంటింటి గుమ్మంలో నిలబడి, మా నానమ్మ దగ్గరే నేర్చిన తెలుగులో, "ఏటే భోజలీ, జంతికలు ఏయించీసినారా?" అనేది. "తిండికే వస్తాది నీ నేస్తం!" అని దెప్పుతూనే నానమ్మ ఇంకో గుప్పెడు వేసేది. బడికి తను రాని రోజు, నీ పక్కపిల్ల పేరేమిటని టీచరు అడిగితే చెప్పలేక పీరియడంతా నిలబడ్డాను.

తర్వాత వాళ్లు జాముల్ వెళ్లిపోయారు. ఎంత దూరమని, ఆటోలో పోయి రావచ్చు. అయినా నా మెసేజీలకు ముందు జవాబులొచ్చాయి, తర్వాత ఉత్త నవ్వు బొమ్మలు, ఆ తర్వాత అవీ లేవు. ఆఫీసులో మొన్న చేరిన అమ్మాయి కనబడ్డవాళ్లనల్లా "యార్" అంటుంది. ఆ మాట అందరికీ సరిపోతుంది, నా మాట ఎవరికీ అక్కర్లేదు.

నానమ్మ లేదు. మా వీధిలో బుట్టలు మోసే పిల్లలూ లేరు. ఈసారి రాఖీ మర్నాడు సుపేలాలో ఒక పల్లెటూరి ఆమెను అడిగి నాలుగు మొలకలు తీసుకుంటుంటే, ఎదుటి చీరల దుకాణం ముందు, ఆడపడుచుతో, తను. ఎన్నడూ గొంతెత్తని నేను రోడ్డు ఇవతలి నుంచే "సీతారామ్ భోజలీ!" అని అరిచాను. ఆటోవాళ్లంతా తిరిగి చూశారు.

"కౌన్ హై భాభీ?" అని నేనెవరో ఆరా తీసింది ఆడపడుచు.

"స్కూల్ కీ దోస్త్," అంది తను.

తనూ తిరిగి ఆ ఒక్క మాట అంటే చాలని, మొలకలు పిడికిట్లో నలుగుతుంటే ఎదురుగా నిలబడ్డాను. తను చీరల సంచి చంకన పెట్టుకుని నా భుజం తట్టింది. ఆటో ఎక్కుతూ నవ్వింది.

"అచ్ఛా కల్యాణీ, ఫోన్ కర్నా."