చెక్‌డ్యామ్ దాటించిన మలుగు

మా వాగుల్లో పాముల్లా ఉండే చేపలు ఎన్ని రకాలున్నాయో చూద్దామని నేనూ, మా కాలేజీలో నాతోపాటు జువాలజీ చెప్పే మేడమూ భద్రాచలం నుంచి ములకలపల్లి వైపు ఒక గూడేనికి వెళ్ళాం. అప్పటిదాకా మాకు దొరికినవన్నీ వీపు మీద ముళ్ళున్న బొమ్మిడాయిలే. ఆ రోజు మడుగులో వేసిన వలలో పడింది వేరు. చేయంత లావు, బురద రంగు. వలను చుట్టుకుని మెలికలు తిరుగుతోంది. గూడెం వాళ్ళు కర్రలతో వచ్చేశారు.

"పామే. కొట్టుండ్రి," అన్నాడు ముందున్నతను. ముందురోజే ఆయన భార్యను పాము కరిచింది. ఆమె భద్రాచలం దవాఖానాలో ఉంటే, బట్టలు తీసుకుపోదామని వచ్చాడట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆగన్నా. ఇది మలుగు అనుకుంటా. చేపనే," అన్నాను.

"అనుకుంటే ఎట్ల మేడం? ఇంకొకర్ని కరిస్తే ఎవరు జిమ్మెదారి?"

బురదలో తలే సరిగా కనబడటం లేదు. పక్కనున్న మేడం నా భుజం పట్టుకుని, "ముట్టుకోకు," అంది మెల్లగా. నీళ్ళు పోయమన్నాను. ఒకామె బకెట్ కుమ్మరించింది. తల వెనక చిన్న రెక్కలు రెండు విచ్చుకున్నాయి. వాటి ముందు మొప్ప తెరుచుకుని మూసుకుంది.

తడిగుడ్డతో పట్టుకుని పైకెత్తాను. అది నా మణికట్టుకు చుట్టుకుంది. అందరూ వెనక్కి జరిగారు. ఆయన మాత్రం కర్ర ఎత్తాడు. దెబ్బ నా చేతి మీదే పడుతుందనుకున్నాను.

"చూడన్నా! పాముకు రెక్కలుంటయా?"

ఆయన వంగి చూశాడు. కర్ర దించాడు.

"చేపనైతే కూర వండుకోవచ్చు గదా?" అన్నారెవరో.

"ఇది గుడ్లు పెట్టనీకి సముద్రం దాకా పోతది. మాకు దొరికింది ఇదొక్కటే. వదిలేద్దాం," అన్నాను.

"మరి కింద చెక్‌డ్యామ్ ఎట్ల దాటుతది?" అంది నీళ్ళు పోసినామె. మేం అంత దూరం ఆలోచించలేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఆమే తెచ్చింది. దారి పొడవునా మూత ఎగిరెగిరి పడుతుంటే మేడమూ నేనూ అదిమి పట్టుకుని నడిచాం. చెక్‌డ్యామ్ కింద డబ్బా వంచగానే అది రాళ్ళ సందులోకి జారిపోయింది.

తిరుగు బస్సులో ఆ కర్ర ఎత్తినాయన మా ముందు సీట్లో బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పాల్వంచ దాటాక ఫోన్ మోగింది. చాలాసేపు విన్నాడు.

"కండ్లు తెరిచిందంట," అని మావైపు తిరిగి చెప్పి, సంచిలో మొహం దాచుకున్నాడు.